మూడు బారల దగ్గర ఇరుసు

ఫోను మోగేసరికి యమున రెండు చేతులూ మణికట్ల దాకా నెత్తళ్ళ చేపల్లో ఉన్నాయి. అత్త జగ్గమ్మే కొంగుతో ఫోను పట్టుకుని కోడలి చెవికి ఆనించి, తన చెవి కూడా పక్కనే అంటించింది.

"అమ్మా యమునా, సొసైటీవోళ్ళు పేరు పిలిసీసినారు. బోటు మనదే. ఇప్పుడే సేత్తో ముట్టుకున్నాను."

ఆ గొంతు మావగారు కూర్మయ్యది. మామూలుగా ఆయన ఫోను మాట్లాడితే అవతలి వీధివాళ్ళకు ఫోనే అక్కర్లేదు. ఇవాళ మాత్రం గర్భగుడి ముందు నిలబడ్డట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పూసపాటిరేగ దాటాక ఫైబర్ బోట్లు పోసే షెడ్డు ఒకటుంది, ఆయన అక్కడున్నాడు. రెండేళ్ళుగా మత్స్యకారుల సొసైటీ జాబితాలో అడుగునుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చిన వాళ్ళ వంతు ఆ బుధవారం ఉదయానికి పైకి చేరింది.

యమున కూర్చున్న చోటే ఎగిరి గంతేసింది. నాలుగు నెత్తళ్ళు వెళ్ళి జగ్గమ్మ జుట్టులో పడ్డాయి.

"ఓలమ్మో! బోటింకా రానే నేదు, అప్పుడే సేపలు నా నెత్తికెక్కిస్తన్నావేటే!" అంది జగ్గమ్మ. అంటూనే కోడలి బుగ్గ గిల్లింది. ఆ గిల్లిన చేయి కూడా నెత్తళ్ళదే.

ఇంత సంబరానికి కారణం బోటు ఒక్కటే కాదు. యమునకు శివాజీతో పెళ్ళయింది జ్యేష్ఠమాసంలో. కాపురానికి వచ్చి వంటింట్లో ఉప్పెక్కడుందో, గూట్లో దువ్వెనెక్కడుందో తెలుసుకునే లోపే ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్తకోడలు అత్తవారింట ఉండకూడదని పుట్టింటివాళ్ళు వచ్చి కళింగపట్నం పక్కనున్న తమ ఊరికి తీసుకుపోయారు. శ్రావణం రాగానే ఆటో దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముందూ వెనకా కలిపి లెక్కేస్తే మొగుడితో గడిపినవి మొత్తం ఇరవై ఆరు రోజులు. ఆ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు గాని, రోజూ పొద్దున్నే ఒకటి కలుపుకునేది.

ఇప్పుడు వీరావల్ కాలం మొదలైంది. గుజరాతు బోట్ల మీద పనికి ఈ తీరపు మగాళ్ళు రైలెక్కే రోజులివి. వెళ్తే తిరిగొచ్చేది తొమ్మిది నెలలకు. పెళ్ళికి ముందు శివాజీ నాలుగేళ్ళు వెళ్ళాడు. ఈసారి మనుషుల్ని కూర్చే మేస్త్రీ జగన్నాధం స్వయానా జగ్గమ్మ తమ్ముడు. సోమవారం రైలుకి పేర్లు రాసుకుంటున్నాడు. "శనివారం సాయంత్రానికి ఉంటావో వస్తావో తేల్చీరా అల్లుడూ" అన్నాడు. సొంత బోటు వచ్చి నీళ్ళలో పడితే శివాజీ ఉంటాడు. లేకపోతే రైలెక్కుతాడు. అంతే సంగతి.

"అత్తా, కాయితం, కాయితం!" అంది యమున. ఫోనులో కూర్మయ్య కొలతలు చెప్పబోతున్నాడు.

చేతులు కడుక్కుని, చేతికి దొరికిన శుభలేఖ తిరగేసింది. వాళ్ళ పెళ్ళివే ఇంకో అరవై మిగిలిపోయి ఉన్నాయి. వెనక అట్ట తెల్లగా, దళసరిగా, రాసుకోవడానికి పుట్టినట్టు ఉంటుంది.

"బోటు పొడుగు ఐదు బారలు. రాసినావా? ముక్కు కాణ్ణించి మూడు బారల కాడ తూకం నిలుస్తాది. ఇక్కడోళ్ళు బోటుకి తాడేసి ఎత్తినప్పుడు సూసినాను, సరిగ్గా ఆ సోటే కట్టినారు. మన బండికి ఇరుసు ఆ మూడు బారల కాడికి రావాల. పక్క దిమ్మెల మధ్య రెండు మూరల ఎడం. శివాజీగాడు రాగానే సెప్పు. నాను శనివారం బోటుతోనే లారీ మీద వస్తాను."

యమున శ్రీకాకుళంలో ఫిజిక్సు చదివి డిగ్రీ పట్టా తెచ్చుకున్న పిల్ల. కొలతలన్నీ ల్యాబ్ రికార్డులో లాగా ఒకదాని కింద ఒకటి రాసింది. పక్కన బోటు బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి, 'మూడు బారలు' అన్నదాని కింద రెండు గీతలు గీసింది. తన దస్తూరీ చూసి తనే మురిసిపోయింది.

* * *

బండి అంటే ఇంటి వెనక ఇసుకలో ఉన్న బోటు బండి. పదకొండేళ్ళ క్రితం కూర్మయ్య పాత జీపు ఇరుసు సంపాదించి, రెండు ఇనప దూలాల కింద బిగించి, ముందు ట్రాక్టరుకు తగిలించడానికి పొడుగాటి నొగ ఒకటి పెట్టి, చిన్న తెప్ప కోసం కట్టించుకున్నాడు. ఆ తెప్ప అడుగు పళ్ళెంలా చదునుగా ఉండేది. రెండేళ్ళ క్రితం అది రాళ్ళకు కొట్టుకుని చీలిపోయింది. అప్పటినుంచి బండి మీద పగలు జగ్గమ్మ చేపలు ఎండబెట్టేది, చీకటి పడితే కోళ్ళెక్కేవి. ఆ రెంటికీ మధ్య, సాయంకాలం పూట, నొగ మీద శివాజీ యమునా కూర్చునేవారు. ఇంట్లో గది ఒకటి, దానికి తలుపులు మూడు. కొత్త కాపురం కబుర్లకు ఆ నొగను మించిన చోటు ఊళ్ళో లేదు.

బండి లేకుండా ఇక్కడ బోటు బతకదు. రేవు లేదు, జెట్టీ లేదు. వేటనుంచి వచ్చిన బోటును రోజూ ఇసుక మీదికి లాగాలి. ఒకప్పుడు ఇరవై మంది భుజాలు పెట్టి మోసేవారు. ఇప్పుడు ఊరి భుజాలు సగం వీరావల్‌లో ఉన్నాయి. కొత్త బోటు బండి మీద కుదురుకోకపోతే దాన్ని జెట్టీ ఉన్న ఏ దూరపు ఊరికో పంపి బంధువుల చేతిలో పెట్టాలి.

మధ్యాహ్నం శివాజీ ఊళ్ళోవాళ్ళ బోటు మీద వేటనుంచి వచ్చాడు. యమున ఆ శుభలేఖను వీపు వెనక దాచుకుని నొగ మీద కూర్చుని ఉంది.

"ఏటే, అలగ నవ్వుతన్నావు?"

"నీ పెళ్ళికి పిలుద్దామని వచ్చాను బావా" అని కార్డు అందించింది.

"అయిపోయిన పెళ్ళికి మళ్ళీ పిలుపేటి?" అంటూ అతను వెనక్కి తిప్పాడు. చదివాడు. రెండోసారి చదివాడు. బోటు బొమ్మను వేలితో తడిమి చూశాడు. ఆ తర్వాత అతను చేసిందేమిటంటే, యమునను అమాంతం ఎత్తి బండి మీద నిలబెట్టాడు. కోళ్ళు కెవ్వుమన్నాయి.

"దించీరా, ఎండు సేపలు తొక్కుతాది!" అని లోపల్నుంచి అరిచింది జగ్గమ్మ.

కాసేపటికి శివాజీ నెమ్మదించాడు. "బోటు రావడం ఒకెత్తు, బండెక్కడం ఒకెత్తు. దీని అడుగు పళ్ళెం కాదే, కత్తిలాగ ఉంటాది. ఈ చదును చెక్కల మీద పెడితే పక్కకి పడుకుంటాది."

"అయితే మార్చు."

"మూడు రోజుల్లో?"

"మూడు రోజుల్లో నువ్వు నన్ను చూసి, ఒప్పుకుని, ముహూర్తం కూడా పెట్టించావు. ఇనప బండి మార్చలేవేటి?"

ఆ మాటతో శివాజీ వెల్డింగు షాపుకి సైకిలెక్కాడు.

* * *

అరసవల్లి రోడ్డులో వెల్డింగు షాపున్న ధర్మేంద్ర శివాజీకి చిన్నప్పటి స్నేహితుడు. సాలూరులో ఆరేళ్ళు లారీ బాడీలు కట్టినవాడు. మర్నాడు పొద్దున్నే సామానంతా మోపెడ్‌కి కట్టుకుని వచ్చి, బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఒక కోడిని దించి, దూలాన్ని సుత్తితో కొట్టి చూశాడు.

"ఇనుము మంచిది. మీ అయ్య అప్పుడే గట్టిగా కట్టినాడు. కొలతలియ్యి."

శివాజీ శుభలేఖ తీశాడు. ధర్మేంద్ర ముందువైపు చదవడం మొదలెట్టాడు.

"అటు కాదురా, ఎనక!"

"ఉండరా, నన్ను పిలిసినారా నేదా అని సూస్తన్నాను."

కార్డులో ఉన్నది ఇద్దరికీ తెలిసిన భాషే. వలలు కొలిచినా తాళ్ళు కొలిచినా సముద్రం లోతు చెప్పినా ఈ ఊళ్ళో బారే లెక్క. రెండు చేతులూ చాచితే ఈ కొసనుంచి ఆ కొసకు ఒక బార. శివాజీ, బండి ముందు బోటు ముక్కు ఆనే స్తంభం దగ్గర మొదలుపెట్టి, దూలాన్ని వాటేసుకున్నట్టు చేతులు చాచి, వేలు ఆగిన చోట సుద్ద గీత గీశాడు. ఒకటి. రెండు. మూడు. "ఇక్కడికి రావాల ఇరుసు."

రెండు రోజులూ పెరట్లో నిప్పురవ్వలే. చదును చెక్కలు పోయాయి. మధ్యలో బోటు వెన్ను దొర్లడానికి వరసగా రబ్బరు రోలర్లు వచ్చాయి. అటూ ఇటూ బోటు డొక్కలను ఆపే దిమ్మెలు లేచాయి. వాటికి పాత టైరు ముక్కలు తొడిగారు. వెనక దూలాలకు లారీ ఛానెల్ ఇనుము అతికి పొడుగు పెంచారు. ఇరుసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధర్మేంద్ర వెల్డింగు కడ్డీ పక్కన పెట్టి, లావుపాటి బోల్టులు తీశాడు. దిమ్మెలకూ అవే.

"అతికీరా, బోల్టులెందుకు?" అన్నాడు శివాజీ.

"సాలూరులో మా గురువుగారు సెప్పినాడురా. కొత్త పెళ్ళికొడుకు ఇచ్చిన కొలతలకి వెల్డింగు పెట్టకు, బోల్టులే పెట్టు అని."

"మీ గురువుగారు అలగ ఎందుకు సెప్తాడురా?"

"సెప్పలేదు. నాను నిన్ను సూసి కనిపెట్టినాను. కొలిసినంతసేపూ నీ కళ్ళు వంటింటికాడే ఉన్నాయి."

వంటింట్లో యమున మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమెకు మటుకు కాలు ఒకచోట నిలవడం లేదు. శుక్రవారం మధ్యాహ్నం ముగ్గు డబ్బా తెచ్చి, శివాజీ చేత బారలు వేయించి, పెరట్లో బోటు ఎంత ఉంటుందో అంత ముగ్గేసింది. మొన తేలిన ముక్కు, విశాలమైన నడుము, కత్తిరించినట్టున్న తోక. ముగ్గు మధ్యలోకి వెళ్ళి కూర్చుంది. "ఇక్కడ ఇంజను. ఇక్కడ వల. ఇక్కడ ఐసు పెట్టె. ఇక్కడ నువ్వు."

"నువ్వు ఎక్కడే?"

"నేను ఒడ్డున. నువ్వొచ్చేదాకా ఒడ్డునే."

"ముగ్గులో కూకుంటే సేపలు పడవు గానీ, లెగిసి కూర కలుపు" అంది జగ్గమ్మ. కోడలు లేచి వెళ్ళాక, ఎవరూ చూడటం లేదనుకుని తనూ ఒకసారి ముగ్గులోకి అడుగుపెట్టి, ముక్కునుంచి తోకదాకా నడిచి చూసుకుంది. కిటికీలోంచి యమున చూసింది. చూసినట్టు చెప్పలేదు.

* * *

శనివారం మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చింది. తెల్లటి బోటు, నడుముకు నీలం పట్టీ, ఇంకా రసాయనం వాసన వదలని కొత్తదనం. దాని మధ్యలో కూర్మయ్య ఊరేగింపు పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. కొబ్బరాకులు తలకు తగలకుండా వంగి వంగి వస్తున్నాడు. దారి పొడుగునా పిలిచిన వాళ్ళకీ పిలవని వాళ్ళకీ చెయ్యూపాడట.

భుజాలు పధ్నాలుగు పోగయ్యాయి. వీరావల్ వెళ్ళనివాళ్ళు, సోమవారం వెళ్ళబోయేవాళ్ళు, మొక్కజొన్న చేలోంచి వచ్చిన ఇద్దరు రైతులు. జగన్నాధం కూడా వచ్చాడు, చొక్కా జేబులో పేర్ల పుస్తకంతో.

బండి వెనకభాగాన్ని లారీ తోకకు ఆనించి, కింద దుంగలు పెట్టారు. "ఓ... లాగండి!" బోటు ముక్కు మొదటి రోలరెక్కింది. రెండోది, మూడోది. వెన్ను గాడిలో పడ్డట్టు దొర్లుకుంటూ వెళ్ళి ముందు స్తంభానికి ముక్కు ఆనింది. ఆడవాళ్ళు ఈలలాంటి కేకలు పెట్టారు. యమున తన చేతులు తనే నలిపేసుకుంది. లారీ ముందుకు జరిగింది. దుంగలు తీశారు.

బోటు తోక మెల్లగా, చాలా మర్యాదగా, నేలకు దిగింది. నొగ ఆకాశానికి లేచింది.

అందరి తలలూ పైకి లేచాయి. నొగ చివర వేలాడుతున్న పిన్ను గాలిలో ఊగుతోంది.

"దండం పెడతన్నాది" అన్నాడు ధర్మేంద్ర.

శివాజీ ఎగిరి నొగ పట్టుకుని వేలాడాడు. దిగలేదు. ధర్మేంద్ర కూడా వేలాడాడు. కొంచెం ఊగింది. "ఉండండ్రా, నానెక్కితే దిగుతాది" అని జగ్గమ్మ చీర బిగించింది. ముగ్గురు మనుషుల బరువుకు నొగ నడుము ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. దాని మీద జగ్గమ్మ, అటూ ఇటూ ఇద్దరు మగాళ్ళు, తిరనాళ్ళ ఉయ్యాల లాగా. జనం నవ్వు ఆపుకోలేకపోయారు. యమునకు కూడా నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు కూడా వచ్చింది.

"ట్రాక్టరుకి తగిలిస్తే ట్రాక్టరు ఎనక సక్రాలే లెగుస్తాయి" అన్నాడు ట్రాక్టరువాడు తల అడ్డంగా ఊపుతూ. బోటు తోక బండి చివరనుంచి బయటికి చాలా దూరం వేలాడుతోంది. దిమ్మెలు డొక్కలను ఆపకుండా వెన్ను దగ్గరే గుచ్చుకుంటున్నాయి. అందరూ కలిసి బోటును ఇసుక బస్తాల మీదికి దించారు. ఒక్కొక్కడి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"ఇంకొక్కసారే" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "మా బోట్లు కూడా దించుకోవాల. ఇంకొక్కసారి ఎత్తుతాం. కూకుంటే కూకున్నట్టు, నేకపోతే జెట్టీకి పంపుకోండి."

జగన్నాధం శివాజీ పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. మనసులో మాట మెత్తగానే చెప్పాడు. "అల్లుడూ, బోటు యాడికీ పోదు. ఈ ఏడాది జెట్టీలో ఉంటాది. నువ్వు నాతో వచ్చీ. పేరు రాసుకోనా?"

శివాజీ యమున వైపు చూశాడు. ఆమె ఇసుక వైపు చూసింది. తొమ్మిది నెలలు. ఇవాళ్టికి ఇరవై తొమ్మిది, రేపటికి ముప్ఫై, ఎల్లుండికి ముప్ఫై ఒకటి. అక్కడితో లెక్క ఆగిపోతుంది.

ఇంతలో కూర్మయ్య బండి దగ్గర నిలబడి ఇరుసును తదేకంగా చూస్తున్నాడు.

"ఒరే శివాజీ, నాను సెప్పిన సోట ఇరుసు పెట్టనేదేటిరా?"

"నువ్వు సెప్పిందే అయ్యా. మూడు బారలు."

"ఇదేటి మూడు బారలా? మొగుడూ పెళ్ళాలు కబుర్లాడుకుంటా కొలిసినారేటి?"

"అయ్యా, మూడు సార్లు కొలిసినాను!"

"నాకు సెప్తావేటిరా బార! నీకు పాలపళ్ళు రాకముందు కాణ్ణించీ కొలుస్తన్నాను. సూడు!" కూర్మయ్య స్తంభం దగ్గర నిలబడి దూలం పొడుగునా చేతులు చాచాడు.

"నువ్వు సూడు!" శివాజీ కూడా అక్కడే, తండ్రికి ఎదురుగా, దూలానికి అవతలి వైపు నిలబడి చేతులు చాచాడు.

ఒకరి ఎడమ చెయ్యీ ఒకరి కుడి చెయ్యీ స్తంభం దగ్గరే ఆనాయి, రెండో చేతులు ఒకదాని పక్కన ఒకటి సాగాయి. కొడుకు వేలు ఒక బోల్టు దగ్గర ఆగింది. తండ్రి వేలు ఆ బోల్టు దాటి ముందుకు వెళ్ళి ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అరుచుకుంటున్నారే గాని, ఎవరూ వేళ్ళ వైపు చూడలేదు.

యమున చూసింది.

"అయ్యో, నేనే! నేనే రాశాను!" అని అరిచింది.

అందరూ తిరిగి చూసేసరికి ఆమె ఇంట్లోకి పరిగెత్తుతోంది. మళ్ళీ వచ్చేటప్పుడు మెడలో జాకెట్లు కుట్టే టేపు ఉంది.

"మావయ్యా, చేతులు దించకండి. అలాగే ఉండండి."

"ఏటమ్మా, నాకు జాకెట్టు కుడతావేటి?"

మావగారి ఒంటికి టేపు పట్టడం మర్యాదో కాదో ఆమెకు తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. అందుకని ఆయన ఇంజక్షను వేయించుకునేవాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. టేపు అరవై అంగుళాలే. ఈ చేతి కొసనుంచి మొదలుపెట్టి, అయిపోయిన చోట వేలు పెట్టి, మిగతాది మళ్ళీ కొలిచింది.

"డెబ్బై రెండు." తర్వాత శివాజీ దగ్గరికి వెళ్ళింది. అతను కూడా కళ్ళు మూసుకున్నాడు, వేరే కారణానికి. "అరవై ఆరు. బారకి ఆరు అంగుళాల తేడా. మావయ్య తన బారల్లో చెప్పారు, బావ తన బారల్లో పెట్టాడు. మధ్యలో రాసిన మహాతల్లిని నేను. ఎవరి బారో రాయలేదు. మూడు బారలకి పద్ధెనిమిది అంగుళాలు. ఇరుసు పద్ధెనిమిది అంగుళాలు వెనక్కి వెళ్ళాలి."

ఇసుకలో చూపుడు వేలితో గీసి చూపించింది. పిల్లలాడే తూగుడు బల్ల లాంటిదే ఇది. మధ్య దిమ్మె పక్కకు జరిగితే బరువున్న వైపు కూలబడుతుంది. ఆమె చెప్పడం పూర్తవక ముందే ధర్మేంద్ర స్పానరు తీశాడు.

"సూసినావురా, బోల్టులు!" అన్నాడు శివాజీతో. "వెల్డింగు పెట్టుంటే ఈపాటికి నువ్వు వీరావల్ సముద్రంలో ఉందువు. సెల్లీ, దిమ్మెల సంగతేటి?"

మూరలు కూడా కొలిచింది. మావగారిది ఇరవై, మొగుడిది పద్ధెనిమిది. "రెండు మూరలకి నాలుగంగుళాలు. ఒక్కో దిమ్మె రెండేసి అంగుళాలు బయటికి."

జగ్గమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మొగుణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. "పెళ్ళైన కాణ్ణించీ సూస్తన్నాను. ఈ మనిషికి సేతులు పొడుగే గానీ సెవులు పొట్టి. 'కొడుకు నీ అంత నేడు, టేపెట్టి కొలు' అని ఎల్లేటప్పుడు సెప్పినానా?"

"ఎప్పుడు సెప్పినావే?"

"సెప్పనేదు. సెప్పినా ఇనవని సెప్పనేదు."

అరగంటలో ఇరుసు కదిలింది. ధర్మేంద్ర బోల్టులు బిగించబోతుంటే కూర్మయ్య ఆపాడు. "ఉండు. తూకం సరిగ్గా ఇరుసు మీద నిలిస్తే నొగ తేలిపోతాది. కూసింత బరువు ముందుకుండాల. ఇంకో జానెడు ఎనక్కి తొయ్యి."

ధర్మేంద్ర చెయ్యి ఆగిపోయింది. శివాజీ యమున వైపు చూశాడు. జనం మొత్తం యమున వైపు చూశారు.

"ఎవరి జానెడు మావయ్యా?" అంది యమున.

కూర్మయ్య నవ్విన నవ్వుకు కొబ్బరిచెట్టు మీద కాకులు లేచిపోయాయి. "నీ టేపు జానెడే అమ్మా! తొమ్మిదంగుళాలు! ఇకమీదట ఈ ఇంట్లో నీ టేపే బార, నీ టేపే మూర!"

"శ్రీకూర్మం స్వామీ, నువ్వు కొండనే ఈపున మోసినావు, ఈ బండి సేత ఒక్క బోటు మోయించు" అని జగ్గమ్మ అటువైపు తిరిగి దండం పెట్టింది.

పధ్నాలుగు భుజాలూ మళ్ళీ వంగాయి. ఈసారి ఇసుక మీదినుంచి ఎత్తాలి కాబట్టి ఇంకా కష్టం. యమున కూడా తాడు పట్టుకుంది, ఎవరూ వద్దనలేదు. ముక్కు రోలరెక్కింది. వెన్ను దొర్లింది. దిమ్మెలు రెండు అరచేతుల్లా డొక్కలను అందుకున్నాయి. తోక కొంచెం బయటికే ఉంది, ఉండనీ. దుంగలు ఒక్కొక్కటే తీశారు.

బండి ఒకసారి మూలిగింది. జీపు ఇరుసు మీది కమాన్ పట్టీలు అణిగాయి. నొగ కదల్లేదు. కింద పెట్టిన చెక్కమొద్దు మీద, అలిసిపోయిన ఎద్దు మెడ వాల్చినట్టు, పడుకునే ఉంది.

శివాజీ వెళ్ళి ఒక చేత్తో దాన్ని ఎత్తి చూశాడు. బరువు తగిలింది గాని లేచింది. వదిలితే మళ్ళీ కిందికే వచ్చింది. అతను వెనక్కి తిరిగి "మావా, నా పేరు రాసుకోకు" అన్నాడు. యమున వినలేదేమోనని మళ్ళీ చెప్పాడు.

జగన్నాధం జేబులోంచి పుస్తకం తియ్యనైనా తియ్యలేదు. "నీ పెళ్ళాం టేపట్టుకుని పరిగెత్తినప్పుడే నాకు తెలిసిపోయినాది, నువ్వు నాకు దొరకవని. ఉండరా. ఉండి నాలుగు సేపలు ఎక్కువట్టు. నానొచ్చేసరికి ఎండబెట్టి ఉంచు" అని శివాజీ నెత్తిన ఒకటి మొట్టాడు.

యమున బోటు పక్కకు వెళ్ళి, ఎవరూ చూడకుండా, దాని నీలం పట్టీ మీద అరచెయ్యి ఆనించింది. ఎండకు వెచ్చగా ఉంది. కొలతల శుభలేఖ బండి దూలం మీదే ఉంటే అందుకుంది. చెవిలో పెట్టుకున్న పెన్ను తీసి, 'మూడు బారలు' అన్నచోట 'మావయ్యవి' అని చేర్చింది.

కూర్మయ్య బండి దూలం మీదికెక్కి నిలబడ్డాడు. ఇప్పుడాయన గొంతు మళ్ళీ రెండు వీధులకు సరిపడా వచ్చింది.

"అందరూ ఇనండి! రేపు ఆదివారం. ఆరింటికి ట్రాక్టరు వస్తాది. జగ్గీ, నువ్వు పసుపు నీళ్ళూ, కొబ్బరికాయా. ధర్మేంద్రా, నువ్వు స్పానరు మర్చిపోకు. బోటులో నాను నిలబడతాను. అలల కాడిదాకా నొగ మీద బరువుండాల, యమున కూకుంటాది."

"నేనా?" అంది యమున.

"నువ్వే. నీ ఒక్కదాని బరువు సాలదు. నీ మొగుణ్ణి కూడా పక్కన కూకోబెట్టుకో. రోజూ అక్కడే కదా మీరు కూకునేది."

యమున మొహం ఎర్రబడింది. శివాజీ టైరు పరీక్ష చేస్తున్నట్టు కిందికి వంగిపోయాడు.

"కూకోండి గానీ," అంది జగ్గమ్మ, "కబుర్లలో పడి నీళ్ళ కాడ దిగడం మర్చిపోకండి."